పిడిగుద్దులో భౌతికశాస్త్రం: అలీ - ఫ్రేజియర్ పోటీలు

ముష్టియుద్ధం చూచేవారిలో చాలామంది దానిని కండబలానికి పరీక్షగా మాత్రమే భావిస్తారు. బలమైనవాడు గెలుస్తాడు, బలహీనుడు కూలిపోతాడు అన్నంతవరకే వారి విచారణ సాగుతుంది. కాని ఇద్దరూ ఇంచుమించు సమాన బలం కలవారై, ఇద్దరూ అంతవరకు ఓటమి ఎరుగనివారైతే జయాపజయాలను నిర్ణయించేది ఏమిటి? ఈ ప్రశ్నకు సమాధానం వెదకడానికి మహమ్మద్ అలీ, జో ఫ్రేజియర్ అనే ఇద్దరు అమెరికన్ హెవీవెయిట్ ఛాంపియన్ల నడుమ 1971, 1974, 1975 సంవత్సరాలలో జరిగిన మూడు పోటీలకంటె మంచి ఉదాహరణ దొరకడం కష్టం. మూడింటి చలనచిత్రాలూ నిలిచి ఉన్నవి కనుక ఏ గుద్దు ఎందుకు తగిలిందో, ఏది ఎందుకు తప్పిపోయిందో నెమ్మదిగా పరిశీలించవచ్చు. పరిశీలిస్తే అక్కడ పనిచేసినవి దూరం, కాలం, ద్రవ్యవేగం, ఉష్ణం మొదలైన, తరగతిలో మనకు పరిచయమైన విషయాలే అని తెలుస్తుంది. ఆ పోటీలలో శరీరాలకు కలిగిన నష్టాన్ని వివరించేవి కూడా అవే.

అలీ 1942లో కెంటకీ రాష్ట్రంలోని లూయివిల్‌లో జన్మించాడు. 1960లో రోమ్ ఒలింపిక్ క్రీడలలో లైట్ హెవీవెయిట్ విభాగంలో స్వర్ణపతకాన్నీ, 1964లో సోనీ లిస్టన్‌ను ఓడించి ప్రపంచ ఛాంపియన్‌షిప్‌నూ సంపాదించాడు. వియత్నాం యుద్ధకాలంలో సైన్యంలో చేరడానికి నిరాకరించినందున 1967లో అతని బిరుదును తొలగించారు. మూడున్నర సంవత్సరాలు బరిలోకి దిగనీయలేదు. ఫ్రేజియర్ 1944లో దక్షిణ కరొలైనాలోని బ్యూఫర్ట్ ప్రాంతంలో పేద రైతు కుటుంబంలో పుట్టి, ఫిలడెల్ఫియా చేరి, పశువధశాలలో పనిచేస్తూ సాధన చేశాడు. 1964లో టోక్యో ఒలింపిక్ హెవీవెయిట్ స్వర్ణపతకం అతనిదే. అలీ బరికి దూరమైన కాలంలో, 1970 నాటికి, అతడు తిరుగులేని ఛాంపియన్ అయ్యాడు. అలీ తిరిగి పోటీలలో పాల్గొనడానికి అనుమతి కావాలని కోరినవారిలో ఫ్రేజియర్ కూడా ఒకడు. అటువంటివాణ్ణి అలీ పోటీకి ముందు పత్రికల ఎదుట పదేపదే హేళన చేశాడు. ఫ్రేజియర్ ఆ మాటలను ఎన్నో ఏళ్లు మరువలేదు. అందులో తప్పు అలీదేనని చెప్పక తప్పదు. 2001లో అతడే బహిరంగంగా క్షమాపణ చెప్పుకున్నాడు.

దూరమూ, కాలమూ

ఇద్దరి శరీరాల కొలతలు మొదట చూడాలి. అలీ ఎత్తు సుమారు 191 సెంటీమీటర్లు, ఫ్రేజియర్ ఎత్తు సుమారు 182. చేతులు రెండూ బారచాపితే ఈ కొననుంచి ఆ కొనకు అలీకి 198 సెంటీమీటర్లు, ఫ్రేజియర్‌కు 185. అనగా అలీ నిలబడిన చోటినుంచే ఫ్రేజియర్‌ను కొట్టగలడు. ఫ్రేజియర్ మాత్రం కొట్టాలంటే ముందుకు నడిచి, అలీ గుద్దులు పడే ప్రదేశాన్ని దాటుకొని పోవాలి. ఆ కొన్ని అంగుళాలను ఎట్లా దాటాలన్నదే ఫ్రేజియర్ సమస్య; ఎట్లా దాటనీయకుండా ఉండాలన్నదే అలీ సమస్య.

అలీ ముఖ్య సాధనం జాబ్. ముందు నిలిపిన ఎడమచేతితో తిన్నగా, క్షణంలో విసిరి వెనక్కు తీసుకునే గుద్దును జాబ్ అంటారు. మంచి హెవీవెయిట్ యోధుని పిడికిలి ఎంత వేగంతో పోతుందో 1985లో బ్రిటన్‌లో కొందరు పరిశోధకులు కొలిచారు. ఫ్రాంక్ బ్రూనో అనే యోధుడు మెత్తకట్టిన లోలకాన్ని కొట్టగా, పిడికిలి వేగం సెకనుకు 8.9 మీటర్లు, తగిలిన గరిష్ఠ బలం సుమారు 4,100 న్యూటన్లు అని తేలింది. ఈ బలం 400 కిలోగ్రాములకు పైబడిన బరువుతో సమానం. బ్రూనో లోలకాన్ని కొట్టినది పూర్తి బలంతో. జాబ్ బలం అంత ఉండదు గాని, దాని ప్రయాణకాలం చాలా తక్కువ. పిడికిలి అర మీటరు దూరాన్ని సగటున సెకనుకు 5 మీటర్ల వేగంతో దాటుతుందనుకుంటే, పట్టే కాలం సెకనులో పదోవంతు. ఇక మానవుని ప్రతిచర్యాకాలం, అనగా కన్ను చూచి, మెదడు గ్రహించి, కండరం కదలడానికి పట్టే కాలం, సెకనులో సుమారు ఐదోవంతు. గుద్దు బయలుదేరడం చూచి తప్పించుకోవడం ఎవరికీ సాధ్యం కాదన్నమాట. భుజం కదలికనుబట్టి, నడుము తిరిగే తీరునుబట్టి రాబోయేదానిని ముందుగా ఊహించినవాడే తప్పించుకోగలడు.

ఇద్దరూ ఈ చిక్కును చెరొక విధంగా విప్పుకున్నారు. అలీ దూరంగా నిలిచి, గుద్దు వచ్చినప్పుడు తలను వెనుకకు వాల్చేవాడు. దూరం పెరిగితే కాలం కూడా పెరుగుతుంది కదా! పైగా వెనుకకు పోతున్న తలకు తగిలిన గుద్దు బలం తగ్గుతుంది. క్రికెట్ బంతిని పట్టేవాడు చేతులను వెనక్కు లాగినట్లే ఇదీ. ద్రవ్యవేగంలో మార్పు ఒకటే అయినా, ఆ మార్పుకు పట్టే కాలం రెండింతలైతే సగటు బలం సగమవుతుంది. ఫ్రేజియర్ దీనికి పూర్తిగా భిన్నం. నడుము వంచి, తలను క్రిందికీ పైకీ, ప్రక్కలకూ ఎడతెగకుండా ఆడిస్తూ ముందుకు చొచ్చుకొనిపోయేవాడు. అతని తల సెకనులో పదోవంతు తరువాత ఎక్కడ ఉంటుందో అలీ ఊహించలేకపోవాలి. అదే అతని రక్షణ.

ఈ పద్ధతికి ఖరీదు ఉన్నది. సెకనుకు 9 మీటర్ల వేగంతో వస్తున్న పిడికిలికి ఎదురుగా తల సెకనుకు 1 మీటరు వేగంతో వెళితే సాపేక్ష వేగం 10 అవుతుంది. అదే వేగంతో వెనుకకు పోతే 8. శక్తి వేగవర్గాన్ని అనుసరిస్తుంది కాబట్టి ఈ రెండు సందర్భాలలోని శక్తులు 100, 64 నిష్పత్తిలో ఉంటాయి. ఎదురు వెళ్లినవాడు ఒకటిన్నర రెట్లకు పైగా దెబ్బ తింటాడన్నమాట. తప్పించుకోలేకపోయిన ప్రతి గుద్దుకూ ఫ్రేజియర్ తన సొంత వేగాన్ని కూడా జోడించి ఇచ్చాడు.

1971: పదిహేనవ రౌండులోని హుక్

మొదటి పోటీ 1971 మార్చి 8న న్యూయార్కులోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో జరిగింది. అప్పటికి అలీ 31 పోటీలలోనూ, ఫ్రేజియర్ 26 పోటీలలోనూ ఒక్క ఓటమి లేకుండా గెలిచి ఉన్నారు. ఫ్రేజియర్ శిక్షకుడు యాంక్ డర్హమ్. అతనికి తోడుగా ఎడ్డీ ఫచ్ అనే మరొక శిక్షకుడు పనిచేశాడు. ఈ ఫచ్ పరిశీలన చేసే తీరు ప్రయోగశాలలోని శాస్త్రజ్ఞుని తీరును గుర్తుకు తెస్తుంది. అలీ గుద్దులను అతడు ఒక్కొక్కటిగా పరీక్షించి ఒక లోపం కనిపెట్టాడు. క్రిందినుంచి పైకి గడ్డం మీదికి కొట్టే అప్పర్‌కట్‌ను కుడిచేతితో విసిరేటప్పుడు అలీ ఆ చేతిని బాగా క్రిందికి దించుతాడు. ఆ క్షణంలో అతని కుడి దవడకు కాపలా ఉండదు.

ఇక్కడ ఒక చక్కని గొలుసు ఉన్నది. తలను దించుతూ వచ్చేవాణ్ణి కొట్టడానికి అప్పర్‌కట్ సహజమైన ఆయుధం. దిగుతున్న తల, లేస్తున్న పిడికిలి ఎదురెదురుగా కలుస్తాయి. కాబట్టి ఫ్రేజియర్ వంగితే అలీకి అప్పర్‌కట్ కొట్టాలనే కోరిక పుడుతుంది. అందుకు కుడిచేయి దిగాలి. అది దిగగానే ఫ్రేజియర్ ఎడమ హుక్ కొట్టాలి. అలీ గుద్దును చూచి స్పందించవలసిన పని లేదు. అలీ చేత ఆ గుద్దు కొట్టించే స్థితిని తానే కల్పించి, దానికి సిద్ధంగా ఉంటే చాలు. ప్రతిచర్యాకాలపు సమస్య ఈ విధంగా తీరిపోయింది.

హుక్ అంటే మోచేతిని వంచి, ప్రక్కనుంచి చాపంగా తిప్పి కొట్టే గుద్దు. దీని బలం చేతిలో పుట్టదు. పాదం నేలను తన్నడంతో మొదలై, తుంటి, నడుము, భుజం వరుసగా తిరిగి, చివరకు పిడికిలికి చేరుతుంది. రోకలిని ఒక కొనవద్ద పట్టుకొని తిప్పడం కష్టం, నడుమ పట్టుకొని తిప్పడం సులభం. ద్రవ్యరాశి అక్షానికి దగ్గరైతే జడత్వ భ్రామకం తగ్గుతుంది, తక్కువ ప్రయాసతో ఎక్కువ కోణీయ త్వరణం వస్తుంది. వంచిన చేయి శరీరంతోపాటు త్వరగా తిరగడానికి కారణం ఇదే. ఫ్రేజియర్ చిన్నతనంలో ఒక పంది తరమగా పరుగెత్తి పడ్డాడనీ, దెబ్బతిన్న ఎడమచేయి సరిగా అతకక ఆ తరువాత ఎన్నడూ పూర్తిగా చాపుకోలేకపోయాడనీ తన ఆత్మకథలో వ్రాసుకున్నాడు. సగం వంగి ఉన్న ఆ చేయి హుక్‌కు అచ్చువేసినట్లు సరిపోయింది!

అలీ అప్పటికి 29 ఏళ్లవాడు. మూడున్నరేళ్లు పోటీలు లేనందున కాళ్లలో మునుపటి చురుకు తగ్గింది. పదిహేను రౌండ్లూ గుండ్రంగా తిరుగుతూ దూరం కాపాడుకోవడం అతనికి సాధ్యం కాలేదు. తరచు త్రాళ్ల దగ్గర నిలిచిపోయాడు. ఫ్రేజియర్ అతని ప్రక్కటెముకల మీద, పొట్ట మీద విడువకుండా కొట్టాడు. పొట్టమీది గుద్దులకు చప్పట్లు తక్కువ గాని ఫలితం ఎక్కువ. శ్వాసకండరాలు నొచ్చి ఊపిరి పూర్తిగా తీసుకోలేని స్థితి వస్తుంది. మోచేతులు పొట్టను కాపాడుకోవడానికి క్రిందికి వస్తాయి. అప్పుడు గడ్డం బయటపడుతుంది. పదకొండవ రౌండులో ఒక ఎడమ హుక్ అలీని తూలిపోయేట్లు చేసింది. పదిహేనవ రౌండు మొదట్లో అలీ కుడి అప్పర్‌కట్‌కు సిద్ధమవుతుండగా ఫచ్ చెప్పినట్లే హుక్ వచ్చి కుడి దవడకు తగిలింది. అలీ వెల్లకిల పడిపోయాడు. కొద్ది సెకన్లలోనే లేచి పోటీ పూర్తిచేశాడు గాని, ముగ్గురు న్యాయనిర్ణేతలూ ఫ్రేజియర్‌నే విజేతగా ప్రకటించారు.

ఫచ్ పరిశీలన అంతటితో ఆగలేదు. 1973 మార్చిలో అతడు తయారుచేసిన కెన్ నార్టన్ అనే యోధుడు సాన్ డియేగోలో అలీని ఓడించాడు. అలీ జాబ్ విసిరిన క్షణంలోనే నార్టన్ కూడా జాబ్ విసరాలన్నది అప్పటి ఉపాయం. ఆ పోటీలో అలీ దవడ విరిగింది.

1974: దూరాన్ని చంపడం

రెండవ పోటీ నాటికి ఇద్దరికీ బిరుదు లేదు. 1973 జనవరిలో జార్జ్ ఫోర్‌మన్ రెండు రౌండ్లలో ఆరుసార్లు ఫ్రేజియర్‌ను పడగొట్టి ఛాంపియన్ అయ్యాడు. 1974 జనవరి 28న న్యూయార్కులోనే జరిగిన ఈ పన్నెండు రౌండ్ల పోటీలో అలీ కొత్త ఎత్తు వేశాడు. రెండు మూడు గుద్దులు చకచక కొట్టడం, ఫ్రేజియర్ దగ్గరకు రాగానే మెడవెనుక చేయి వేసి పట్టి ఉంచడం. ఇందులోని సూత్రం చాలా సులభం. పని అంటే బలమూ, దూరమూ కలిసిన లబ్ధం. పిడికిలికి వేగం రావాలంటే అది కొంత దూరం ప్రయాణించాలి. హత్తుకొని ఉన్నవానికి ఆ దూరం దొరకదు. మెడ వంచి పట్టడంవల్ల ఫ్రేజియర్ కాళ్లూ నడుమూ తిరగడానికి వీలు చిక్కలేదు. అలీ గెలిచాడు. ఇట్లా పట్టుకోవడాన్ని రిఫరీ ఆపలేదని ఫ్రేజియర్ పక్షంవారు చాలాకాలం ఫిర్యాదు చేశారు. చూడముచ్చటైన పోటీ కాదు గాని, అలీ తన ఓటమినుంచి పాఠం నేర్చుకున్నాడనడానికి అది సాక్ష్యం. ఆ సంవత్సరం అక్టోబరులోనే అతడు జైర్ దేశంలోని కిన్షాసాలో ఫోర్‌మన్‌ను ఓడించి తిరిగి ఛాంపియన్ అయ్యాడు. అక్కడ సాగే త్రాళ్ల మీద వెనుకకు వాలి గుద్దులు తిన్నాడు. స్ప్రింగుల వలె ఆ త్రాళ్లు కొంత శక్తిని మ్రింగివేశాయి, ఫోర్‌మన్ అలసిపోయాడు.

1975: మనీలా ఉక్క

మూడవ పోటీ 1975 అక్టోబరు 1న ఫిలిప్పీన్స్ రాజధాని మనీలాకు ఆనుకొని ఉన్న క్వెజాన్ సిటీలో, అరనెటా కొలీజియంలో జరిగింది. అమెరికాలో ప్రేక్షకులు రాత్రిపూట చూచేందుకు అనుకూలంగా దానిని అక్కడ ఉదయం పదకొండు గంటలకు కొంచెం ముందు ప్రారంభించారు. క్రిక్కిరిసిన జనం, పైన దీపాల వేడి, ఉష్ణమండలపు తేమ. ఈ పరిస్థితిలో శరీరం ఏమవుతుంది?

మన కండరాలు వాడుకునే శక్తిలో నాలుగోవంతో, ఐదోవంతో మాత్రమే పనిగా మారుతుంది, తక్కినదంతా ఉష్ణమే. దానిని వదిలించుకోవడానికి శరీరానికి ఉన్న ముఖ్యసాధనం చెమట. కూజాలోని నీరు చల్లబడడానికీ, చెమటవల్ల ఒళ్లు చల్లబడడానికీ కారణం ఒక్కటే: ఒక గ్రాము చెమట ఆవిరి కావడానికి సుమారు 580 కెలోరీల ఉష్ణం కావాలి. కాని అది ఆవిరి కావాలి. సముద్రతీరపు ఊళ్లలో ఉక్కపోసే రోజున తడిబట్ట ఎంతసేపటికీ ఆరకపోవడం మనకు తెలిసినదే. గాలిలో తేమ నిండి ఉంటే చెమట కారిపోతుందే తప్ప ఆవిరి కాదు. నీరూ పోతుంది, ఉష్ణమూ దిగదు. నీరు పోయినకొద్దీ రక్తపరిమాణం తగ్గుతుంది. ఆ తగ్గిన రక్తాన్నే గుండె ఇటు కండరాలకూ, అటు చర్మానికీ పంచాలి. మూడు నిమిషాల రౌండుకు ఒక్క నిమిషం విరామం. తొలి రౌండ్లలో ఆ నిమిషం కండరాలు కొంత కోలుకోవడానికి సరిపోతుంది. పదవ రౌండు దాటాక సరిపోదు.

పోటీ మూడు భాగాలుగా నడిచింది. మొదట అలీ నిటారుగా నిలిచి ఫ్రేజియర్‌ను త్వరగా ముగించాలని గట్టిగా కొట్టాడు. తరువాత ఫ్రేజియర్ దగ్గరకు చేరి అలీ ప్రక్కలను చితక్కొట్టాడు. ఈసారి రిఫరీ కార్లోస్ పడిల్లా అలీ మెడ పట్టుకోవడాన్ని సహించలేదు. చివరి భాగాన్ని మాత్రం నిర్ణయించినది ఒక కన్ను.

ఫ్రేజియర్ ఎడమకంటికి చాలాకాలంగా చూపు సరిగా లేదు. ఈ రహస్యాన్ని అతడు బరిలో ఉన్నంతకాలం దాచి, తన ఆత్మకథలో బయటపెట్టాడు. మనీలాలో అలీ గుద్దులకు అతని కుడికన్ను వాచింది. కనురెప్పల క్రింది కణజాలం పలుచగా, వదులుగా ఉంటుంది. చిన్న రక్తనాళాలు చితికితే అక్కడ ద్రవం త్వరగా చేరి రెప్పలు మూసుకుపోతాయి. పన్నెండవ రౌండు నాటికి ఆ కన్ను దాదాపు మూసుకొనిపోయింది. అలీ కుడిచేతి గుద్దులు ఫ్రేజియర్ ఎడమవైపునుంచి వస్తాయి. ఆ వైపు మిగిలినది చూపులేని కన్ను. రెండు కళ్లు చూచే దృశ్యాలలోని స్వల్పభేదాన్నిబట్టి మెదడు దూరాన్ని అంచనా వేస్తుంది కనుక ఆ అంచనా కూడా పోయింది. గుద్దులు కనిపించడానికని ఫ్రేజియర్ కొంచెం వెనుకకు జరిగి నిటారుగా నిలబడవలసి వచ్చింది. తలను వంచి ఆడించే రక్షణ పోయి, పొడవాటి చేతులకు కావలసిన దూరం అలీకి తిరిగి దొరికింది. పదమూడవ రౌండులో ఫ్రేజియర్ నోటిలోని పళ్లతొడుగు ఎగిరి ప్రేక్షకులలో పడింది. పదునాలుగవ రౌండులోనూ అంతే.

ఆ రౌండు ముగిశాక ఎడ్డీ ఫచ్ పోటీని ఆపివేశాడు. డర్హమ్ 1973లో మరణించినందున అప్పటికి ముఖ్యశిక్షకుడు ఫచ్‌యే. ఇంక మిగిలినది మూడు నిమిషాలే. ఫ్రేజియర్ వద్దని పట్టుపట్టాడు. ఫచ్ వినలేదు. ఎదుటి మూలలో అలీ కూడా నిలబడలేని స్థితిలో ఉన్నాడని, మరణానికి అంత దగ్గరగా తాను ఎన్నడూ వెళ్లలేదని తరువాత అలీయే చెప్పాడు. అందువల్ల ఫచ్ తొందరపడ్డాడని నేటికీ కొందరు వాదిస్తారు. ఎదుటివాడు లేవలేకపోతే విజయం దక్కేది నిజమే. కాని గుద్దు కనిపించనివాడు దానికి సిద్ధపడలేడు, మెడ బిగించలేడు. మెడ బిగించనివాని తల మరింత వేగంగా తిరుగుతుంది. ఆ తిరగడంలోనే అసలు ప్రమాదం ఉన్నది.

తల తిరిగినప్పుడు

సుమారు 1.4 కిలోగ్రాముల బరువుండే మెదడు పుర్రెలో మస్తిష్క మేరుద్రవం నడుమ ఉంటుంది. అది చాలా మెత్తనిది. కాని నీటివలెనే నొక్కితే తగ్గదు. ఆక్స్‌ఫర్డుకు చెందిన హోల్‌బోర్న్ అనే భౌతికశాస్త్రజ్ఞుడు 1943లో ఈ రెండు ధర్మాలనూ గమనించి, మెదడుకు ఎక్కువ హాని చేసేది తల తిన్నగా ముందుకో వెనుకకో కదలడం కాదు, హఠాత్తుగా గిరుక్కున తిరగడమే అని చూపాడు. మెదడు ఆకారంలో పోసిన జెలటిన్ నమూనాలతో అతడు ఈ ఊహను పరీక్షించాడు.

తరగతిలో దీనిని తేలికగా చూపవచ్చు. గాజుసీసాలో కొద్దిగా నానిన రంపపుపొట్టు వేసి, గాలిబుడగ లేకుండా నిండా నీరు పోసి బిరడా బిగించాలి. సీసాను బల్లమీద తిన్నగా ముందుకు నెడితే లోపలి నీరూ, పొట్టూ సీసాతోపాటే కదులుతాయి. సీసాను నిలువు అక్షం చుట్టూ చటుక్కున తిప్పితే గాజు తిరుగుతుంది, పొట్టు ఉన్నచోటే ఉండిపోతుంది. గోడకు దగ్గరి నీటిపొర తిరుగుతూ, లోపలి పొర నిలిచి ఉంటే రెంటి నడుమ జారుడు ఏర్పడుతుంది. మెదడులో నీటికి బదులు సన్నని నాడీతంతువులు ఉన్నవి. పొరలు జారితే అవి సాగుతాయి, తెగుతాయి. దవడ ప్రక్కన తగిలే హుక్ తలను సరిగ్గా ఈ విధంగానే తిప్పుతుంది. మెత్తని తొడుగులు ఈ హానిని నివారిస్తాయనుకోవడం పొరపాటు. అవి బలాన్ని ఎక్కువ వైశాల్యంపై పంచి చర్మం చీలకుండా, పిడికిలి ఎముకలు విరగకుండా కాపాడుతాయి. తలకు అందే ద్రవ్యవేగం మాత్రం అంతగా తగ్గదు. చేయి నొప్పి తెలియనందున యోధుడు తలమీద ఇంకా గట్టిగా కొట్టగలుగుతాడు కూడా.

మాట తడబడడం, చేతులు వణకడం, మతిమరుపు వంటి లక్షణాలు పాత యోధులలో కనిపిస్తాయని 1928లోనే మార్ట్‌లాండ్ అనే అమెరికన్ వైద్యుడు ప్రకటించాడు. 1973లో కోర్సెలిస్, అతని సహచరులు మరణించిన 15 మంది యోధుల మెదళ్లను పరీక్షించి వాటిలో ప్రత్యేకమైన క్షీణత ఉన్నదని చూపారు. అలీకి 1984లో పార్కిన్‌సన్ లక్షణాలు ఉన్నట్లు వైద్యులు నిర్ధారించారు; అందులో పిడిగుద్దుల పాలు ఎంత అన్న విషయమై వైద్యులలో ఏకాభిప్రాయం లేదు. అతడు 2016లో మరణించాడు. ఫ్రేజియర్ అంతకుముందే 2011లో కాలేయపు కాన్సరుతో మరణించాడు.

ఈ జ్ఞానం నిబంధనలలోకి రావడానికి చాలాకాలం పట్టింది. 1982 నవంబరులో అమెరికాలో జరిగిన ఒక ఛాంపియన్‌షిప్ పోటీలో కొరియా యోధుడు కిమ్ దుక్ కూ కూలిపోయి, కొద్ది రోజులకు మెదడులో రక్తస్రావంవల్ల మరణించాడు. ఆ తరువాత ప్రపంచ బాక్సింగ్ కౌన్సిల్ తన ఛాంపియన్‌షిప్ పోటీలను 15 రౌండ్లనుంచి 12 రౌండ్లకు తగ్గించింది. 1988 నాటికి తక్కిన ముఖ్యసంస్థలు కూడా అదే మార్గం అనుసరించాయి. కిమ్ కూలినది పదునాలుగవ రౌండులో. ఏడేళ్ల క్రితం మనీలాలో ఫచ్ తన యోధుణ్ణి కుర్చీనుంచి తిరిగి లేవనీయకుండా ఆపినది ఆ రౌండు ముగిసినప్పుడే.